పావుగంట దాటితే ఎదురుచూడరాదు

2022 డిసెంబర్‌లో నేను కర్నూలులో మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో వెల్ఫేర్ ఆర్గనైజర్‌గా పనిచేస్తున్నాను. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో క్లర్కుగా ఉండి, నాయబ్ సుబేదార్ హోదాలో బయటికొచ్చాను. వెల్ఫేర్ ఆర్గనైజర్ అంటే పేరు పెద్దది, పని కాళ్లరిగేది. పింఛను ఆగిపోయిన సిపాయి, భర్త పోయాక పేరు మార్పించుకోవలసిన ఇల్లాలు, డిశ్చార్జి పుస్తకం చెదలు తిన్నదని తల పట్టుకునే ముసలాయన, ఇలాంటి వాళ్ల ఊళ్లకు వెళ్లి కాగితాలు సరిచేసి తెచ్చేది మేమే. మా పై అధికారి రిటైరైన కల్నల్. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ‘చూడండి’ అన్నారంటే ఆ పని అయిపోయి తీరాలని అర్థం.

ఆ నెల మొదట్లో ఆయన కడప నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి నా బల్ల మీద పెట్టి ‘చూడండి’ అన్నారు.

సంగతి ఇది. ఒంటిమిట్ట దాటాక మట్టిదోవలో మూడు కిలోమీటర్లు లోపలికి ఒక ఊరుంది. 1971 యుద్ధంలో చనిపోయిన సిపాయి దస్తగిరిది ఆ ఊరు. ఊరివాళ్లూ, చుట్టుపక్కల మాజీ సైనికులూ కలిసి అతని పేరున స్మారక శిల నిలబెట్టారు. ఆవిష్కరణకు ఎవరో ఒక పెద్దమనిషిని పిలుద్దామని అందరూ అనుకుంటే దస్తగిరి చెల్లెలు ఖాసింబీ అడ్డం తిరిగింది. అన్న రాసిన ఆఖరి కార్డు ఆమె దగ్గర భద్రంగా ఉంది. అందులో ‘నా జోడీ మద్దిలేటి, కర్నూలు జిల్లావాడు, మంచోడు’ అని ఉందట. ఆ మద్దిలేటి బతికుంటే అతనే వచ్చి గుడ్డ తీయాలి, లేదంటే రాయి ముసుగుతోనే ఉండనీ అని ఆమె తేల్చేసింది. నలుగురు పోయి నచ్చజెప్పినా మాట మార్చలేదు.

కర్నూలు జిల్లాలో మద్దిలేటి అనే మనిషిని వెతకమంటే పత్తికొండ మార్కెట్లో టమోటాను వెతకమన్నట్టే. అయితే దస్తగిరి ఏ పల్టన్‌లో, అంటే ఏ పటాలంలో ఉన్నాడో తెలుసు కాబట్టి రెండు రోజుల్లో రిజిస్టర్‌లో దొరికాడు. లాన్స్ నాయక్ మద్దిలేటి, డెబ్బై మూడేళ్లు, పత్తికొండ దగ్గర పల్లె. నేను వెళ్లేసరికి కంది చేనుగట్టు మీద నిలబడి పందుల్ని అదిలించడానికి డబ్బా కొడుతున్నాడు. బక్కపలచని మనిషి. నా హోదా చెప్పగానే డబ్బా కింద పెట్టి మడమలు కలిపి ‘జైహింద్ సాబ్’ అన్నాడు. సైన్యంలో సుబేదార్ వర్గం వాళ్లను జవాన్లు పిలిచే పిలుపు అది. పదవీ విరమణ చేసి ముప్పై నలభై ఏళ్లయినా ఆ పిలుపు పోదు.

దస్తగిరి పేరు ఎత్తగానే ఆయన ముఖం మారింది. వీళ్లిద్దరిదీ లైట్ మెషిన్ గన్ జోడీ. ఆ గన్ను నడపడానికి ఇద్దరుండాలి. కాల్చేవాడు నంబర్ వన్. పక్కన పడుకుని తూటాలు నింపిన మ్యాగజైన్లు అందించేవాడు, అయిపోతే వెనక్కి పాకి తెచ్చేవాడు నంబర్ టూ. దస్తగిరి వన్, ఈయన టూ. యాభై ఏళ్లలో ఆ ఊరికి ఒక్కసారీ ఎందుకు పోలేదని అడిగాను. ‘మొగం చెల్లల్యా సాబ్’ అన్నాడు. వస్తావా అంటే మాత్రం వెంటనే తలాడించి, ఎన్ని గంటలకు అని అడిగాడు. సాయంత్రం నాలుగు అన్నాను. ‘నాలుగేనా? మళ్లా మారదు గదా?’ అని మూడుసార్లు అడిగాడు. నాకు చిరాకేసింది. నేను పుట్టింది నందికొట్కూరులో, పెరిగింది బారకాసుల్లో. ఒక మాట రెండోసారి అడిగితేనే నాకు గిట్టదు, మూడోసారి అడిగితే చెవులు వేడెక్కుతాయి.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. కల్నల్ గారు ఆఫీసు జీపు ఇచ్చి, ఆయన్ను తీసుకెళ్లి తీసుకొచ్చే బాధ్యత నా మీద పెట్టారు. మా భాషలో దాన్ని ఎస్కార్ట్ డ్యూటీ అంటారు. ఎస్కార్ట్ అంటే మూవ్‌మెంట్ ఆర్డర్ ఉండాలి. ఎవరు, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఎన్నింటికి ఏ చోట కలవాలి, వెంట ఏమేం ఉండాలి అని వివరంగా ఉండే కాగితం అది. పెద్దాయనకు నోటితో చెబితే సరిపోయేది. కానీ చేతులు ఊరుకోవు కదా. పాత ఫారమ్ బయటికి తీసి, పేరు నింపి, సంతకం చేసి, స్టాంపు కూడా కొట్టాను. ఉదయం ఆరు గంటలకు పత్తికొండ బస్టాండులో కలవాలి. పతకాలు తేవాలి. కార్యక్రమ స్థలంలో సెల్‌ఫోను నిషేధం. అన్నీ తెలుగులో ఒక్కో వాక్యం చదివి వినిపించాను. ఫారమ్ అడుగున ఎప్పటినుంచో అచ్చయి ఉన్న వాక్యాన్ని కూడా అదే ఊపులో చదివేశాను: ‘నిర్ణీత సమయానికి పావుగంటలోపు వాహనం రానిచో, ఎదురుచూడక, స్వంత ఏర్పాటుతో గమ్యస్థానం చేరి ఎస్కార్ట్‌కు రిపోర్టు చేయవలెను.’

ఆ వాక్యాన్ని నా సర్వీసులో వేల కాగితాల మీద చూశాను. చూశానంటే కళ్లు దాని మీదుగా పోయాయని అర్థం. ఆయన మాత్రం దాన్ని ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

బయల్దేరిన రోజు తెల్లవారుజామున నాలుగింటికే కర్నూలు వదిలాం. డ్రైవరు రంగన్న, నేను. వెల్దుర్తి దాటగానే వెనక టైరు పోయింది. స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి లేదు. ఒకటి తప్పితే ఒకటి! నిన్న చూశావా లేదా అని నేను అరిస్తే, రంగన్న తాపీగా ‘చూసినా సార్, ఉండాది గదా అని చూసినా. గాలి ఉండాదా అని చూల్యా’ అన్నాడు. ఒక లారీవాడు ఆపి, పంచరు షాపు దాకా టైరునూ రంగన్ననూ తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి దింపాడు. పత్తికొండ బస్టాండులో జీపు ఆగేసరికి ఆరూ ఇరవై ఐదు.

మద్దిలేటి లేడు.

బస్టాండు ముందు టీ కాచే ఆమెను అడిగాను. ‘మిలిటరీ తాతనా? ఐదింటి నుంచి ఈడనే నిలబడినాడప్పా. కూచో తాతా అంటే కూచోల్యా. గడియారం చూస్తాండాడు, దోవ చూస్తాండాడు. ఆరూ పావు కాంగానే ఇంగ టైమైపాయ అన్నాడు, డోను బస్సెక్కినాడు. టీ కూడా సగమే తాగినాడు’ అంది.

నాకు ఒళ్లు మండింది. ముసలోడికి బుద్ధుందా, పది నిమిషాలు ఆగలేడా అని రంగన్న ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. ఫోను చేస్తే ఇంట్లో కోడలు ఎత్తింది. ‘ఫోను తేగూడదని మిలిటరీ సార్ రాసిచ్చినాడంట, మామ ఈడనే పెట్టిపోయినాడు సార్’ అంది. ఆ మాటతో నా తిట్లు ఆగిపోయాయి. బ్యాగులోంచి ఆర్డరు నకలు తీసి అడుగు దాకా చదివాను. పావుగంట. ఎదురుచూడక. స్వంత ఏర్పాటుతో. కింద నా సంతకం, దాని మీద గుండ్రటి స్టాంపు. ఎవరు తీసిన గోతిలో ఎవరు పడ్డారో రంగన్నకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

కల్నల్ గారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, అయితే ఆర్డరు ప్రకారం నడుస్తున్నది ఆయనే, మీరు కాదన్నమాట అన్నారు. తర్వాత, నాలుగు గంటల లోపల ఆయన్ను అక్కడ ఉంచండి అని పెట్టేశారు.

అక్కణ్నుంచి మా పరుగు మొదలైంది. డోన్ బస్టాండులో అరగంట విచారించాక తేలిందేమంటే, పతకాలు పెట్టుకున్న పెద్దాయన ఒకరు బనగానపల్లె వైపు పోయే బస్సు ఎక్కాడు. ఆ దోవ పట్టాం. బేతంచెర్ల దాటి కొంత దూరం పోయాక ఆ బస్సే ఎదురైంది, రోడ్డు పక్కకు ఒరిగి, వెనక చక్రాల కింద రాళ్లు పెట్టి. జనం చింతచెట్టు నీడన కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. యాక్సిల్ విరిగిందట. వేరే బస్సు రావడానికి గంట పడుతుందని కండక్టరు చెప్పాడు.

‘పెద్దాయన పావుగంటలో వస్తాదా అని అడిగినాడు సార్. రాదు తాతా, గంట పట్టొచ్చు అన్నా. అయితే నేను పోతా అని దిగి నడక పట్టినాడు. యాడికి తాతా అంటే ఒంటిమిట్టకు అన్నాడు. నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీల్యా. ఈడ్నుంచి ఒంటిమిట్టకు నడిచేదా!’

మేం అటే కదిలాం. కిలోమీటరు కూడా పోలేదు, రంగన్న బ్రేకు వేసి దిగి, రోడ్డు మీద నుంచి ఒక నల్లటి ముక్క ఎత్తుకొచ్చాడు. బూటు సోలు. సైన్యం ఇచ్చే రబ్బరు సోలు బూట్లను పెట్టెలో దాచుకుంటే పైతోలు మెరుస్తూనే ఉంటుంది, సోలు లోలోపల పొడిబారుతుంది. ఏళ్ల తర్వాత వేసుకుని నడిస్తే అటుకుల్లా రాలిపోతుంది. మాజీ సైనికులందరి ఇళ్లలోనూ అలాంటి జత ఒకటి ఉంటుంది. నా ఇంట్లోనూ ఉంది. నాలుగడుగుల అవతల రెండోది కూడా పడి ఉంది. మనిషి మాత్రం కనబడలేదు.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. కోపం అంతా ఎటు పోయిందో పోయింది. డెబ్బై మూడేళ్ల మనిషి, సోలు లేని బూట్లు, చేతిలో ఫోను లేదు, కడుపులో సగం టీ. నేను సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఎండలో నడుస్తున్నాడు. డిసెంబరైనా మా సీమలో పదింటి ఎండ ఎండే. రోడ్డుకు రెండు పక్కలా చూసుకుంటూ మెల్లగా పోయాం. ఎదురొచ్చిన ప్రతి బస్సునూ ఆపి అడిగాం. బనగానపల్లెలో బస్టాండు, ప్రభుత్వ ఆసుపత్రి, పోలీసు స్టేషను తిరిగాను. స్టేషనులో ఒక కానిస్టేబులు, మతి చలించిన మనిషా అని అడిగాడు. కాదు, మతి ఉన్నందుకే ఈ తిప్పలు అన్నాను.

మేం చేసిన తప్పు తర్వాత తెలిసింది. మేం బస్సుల్లో వెతికాం. ఆయన బేతంచెర్ల నాపరాళ్లు మోసుకుపోయే లారీ ఎక్కాడు. మేం బనగానపల్లె ఆసుపత్రిలో పేర్ల పుస్తకం తిరగేస్తున్నప్పుడు, ఆ లారీ మా పక్కనుంచే పోయి ఉంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆళ్లగడ్డ దాటాం. కడపలో మా లాంటి ఉద్యోగమే చేసే ఆర్గనైజరు ఫోను చేశాడు. జనం వచ్చేశారు, బ్యూగుల్ వాయించేవాడు వచ్చాడు, మీరెక్కడ అన్నాడు. చెప్పక తప్పలేదు. అతను నిట్టూర్చి, ఆయన రాకపోతే ఊళ్లో పెద్ద మాజీ సైనికుడి చేత గుడ్డ తీయిద్దామా అని ఖాసింబీని అడిగి చూస్తానన్నాడు. పది నిమిషాల్లో మళ్లీ ఫోను. ‘ఒప్పుకోల్యా సార్. మా అమ్మ ఆ మనిషి కోసం సచ్చేదాంక చూసింది, నేను సాయంత్రం దాంక చూడలేనా అంటాంది.’

ఆ మాట విన్నాక నేను జీపు ఇంకెక్కడా ఆపనివ్వలేదు. మైదుకూరులో రంగన్న అన్నం అన్నాడు. అరటిపళ్లు కొనిచ్చి నడపమన్నాను. ఆయన దారిలో దొరికితే మంచిది, దొరకకపోతే కనీసం నేనైనా వెళ్లి ఆ ఆడమనిషి ముందు నిలబడి, తప్పు ఆయనది కాదు, నా కాగితానిది అని చెప్పాలి. కడపలో రెండున్నర దాటింది. ఒంటిమిట్టలో కోదండరాముడి గోపురం కనబడగానే రంగన్న స్టీరింగు వదిలి దండం పెట్టాడు. నేను ఎప్పుడూ పెట్టనివాణ్ని, ఆ రోజు పెట్టాను.

మట్టిదోవ దాటి ఊళ్లోకి వచ్చేసరికి మూడూ నలభై రెండు. షామియానా, కుర్చీలు, మధ్యలో తెల్లగుడ్డ కప్పిన శిల. షామియానాకు బయట, ఎండలో, కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోకుండా ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద పతకాలు వరుసగా ఉన్నాయి. బూట్ల కింద గోనెపట్ట ముక్కలు మడిచిపెట్టి పురికొసతో కట్టుకున్నాడు. పైతోలు మాత్రం తళతళలాడుతోంది.

జీపు దిగగానే మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. ‘లాన్స్ నాయక్ మద్దిలేటి, రిపోర్టు సాబ్’ అని కాగితం నా చేతిలో పెట్టాడు.

ఆయన్ను కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. పది నిమిషాలు ఆగితే ఏం పోయేది, ఎంత కంగారు పెట్టావో తెలుసా అని గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. ‘మీరు రాసిందే గదా సాబ్’ అన్నాడు. ఆ తర్వాత ‘టైము వేయండి. మూడూ ఇరవైకి వచ్చినా. వీళ్లందరూ సాక్షి’ అన్నాడు.

లారీవాడు ప్రొద్దుటూరులో దింపాడట. అక్కణ్నుంచి కడప బస్సు, కడప నుంచి రాజంపేట బస్సు, ఒంటిమిట్టలో దిగి మిగిలిన మూడు కిలోమీటర్లు నడక. ప్రొద్దుటూరు బస్టాండులో మూటలు మోసేవాళ్లు గోనెపట్టా పురికొసా ఇచ్చారు. ఆర్డరులో ఎస్కార్ట్‌కు రిపోర్టు చేయవలెను అని ఉంది కాబట్టి, నేను వచ్చి సంతకం పెట్టేదాకా ఆయన షామియానా లోపలికే పోలేదు. ఎవరికీ పేరు చెప్పలేదు. ఊరివాళ్లు ఎవరో దారిన పోయే మాజీ సైనికుడనుకుని నీళ్లిచ్చి ఊరుకున్నారు. ఖాసింబీకి పది గజాల దూరంలో ఇరవై రెండు నిమిషాలు అలా నిలబడి ఉన్నాడు.

కాగితం మీద సమయం వేశాను. సంతకం పెట్టాను. పదండి లోపలికి అన్నాను.

అప్పుడు ఆయన కదలలేదు. పొద్దున్నించి పావుగంట కూడా ఎక్కడా ఆగని మనిషి కాళ్లు అక్కడ ఆగిపోయాయి. ‘ఆయమ్మతో ఒక మాట చెప్పాల సాబ్. అది చెప్పకుండ ఆ రాయి ముట్టుకోను. విన్నాక ముట్టొద్దు అంటే పోతా’ అన్నాడు. కడప ఆర్గనైజరు గడియారం చూపించాడు. ఇలాంటి కార్యక్రమానికి నిమిషాల లెక్క ఉంటుంది. ముందు ఆవిష్కరణ, పుష్పచక్రాలు, తుపాకులు తలకిందులుగా దించే ‘శోక్ శస్త్ర’ ఆదేశం, బ్యూగుల్ మీద వీడ్కోలు స్వరం లాస్ట్ పోస్ట్, రెండు నిమిషాల మౌనం. ఒకటి వెనక్కి జరిగితే అన్నీ వెనక్కి జరుగుతాయి. నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది, చెప్పనివ్వండి అన్నాను.

ఖాసింబీని పిలిపించాం. డెబ్బైకి దగ్గరి మనిషి, చురుకైన కళ్లు. మద్దిలేటి అని చెప్పగానే ఆయన్ను తల నుంచి కాళ్లదాకా చూసి, కాళ్ల దగ్గర కళ్లు ఆపింది. ‘మద్దిలేటన్నా, నీ మాట తర్వాత. మా అమ్మ సచ్చేదాంక ఒకటే అడిగింది. నా బిడ్డ ఆకలితో పోయినాడా అని. అది చెప్పు ముందు’ అంది.

ఆయన అనుకున్న ప్రశ్న అది కాదు. ‘ల్యా తల్లీ. ఆకలితో పోల్యా. తెల్లారుజామున పూరీలు పెట్టినారు. జేబులోకి శక్కర్‌పారాలు ఇచ్చినారు, తీపివి. వానివి వాడు తిన్యాడు, నావి సగం లాక్కోని తిన్యాడు’ అన్నాడు.

ఆమె నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ‘వాడంతే. నా రొట్టె గూడా లాక్కునేవాడు’ అంది. నవ్వుతూనే ఏడ్చింది.

అప్పుడు ఆయన తన మాట చెప్పాడు. ఆ రోజు గట్టు వెనక పడుకుని కాలుస్తుంటే మ్యాగజైన్లు అయిపోవచ్చాయి. నంబర్ వన్ తల తిప్పకుండానే, పోయి తే, పావుగంట ఆపుతా, అంతకంటే ఎక్కువైతే నా వల్ల కాదు అన్నాడు. ఈయన వెనక్కి పాకాడు. మందుగుండు ఇచ్చే చోటు తెల్లవారేలోపు వేరేచోటికి మార్చారు. ఆ సంగతి ముందున్న వాళ్లకు అందలేదు. వెతుక్కుని, తూటాల పట్టీ భుజాన వేసుకుని తిరిగొస్తుండగా, ఇంకా సగం దారిలో ఉండగానే, ముందు గన్ను ఊరకైపోయింది.

‘పావుగంట అన్యాడు తల్లీ. నాకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పది నిమిషాలు ఆలస్యం చేసినా. అది నీకు చెప్పల్యాక యాభై ఏండ్లు రాల్యా.’

ఇరవై ఐదు అన్న మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పొద్దున్న పత్తికొండలో నేను చేసిన ఆలస్యం కూడా సరిగ్గా అంతే. కారణం అంతకంటే చిన్నది.

ఖాసింబీ మళ్లీ ఆ గోనెపట్ట కట్టిన బూట్లు చూసింది. ‘ఈ పొద్దు ఎన్నింటికి రమ్మన్యారు?’ అని అడిగింది. నాలుగింటికి అన్నాడు. ‘ఎన్నింటికి వచ్చినావు?’ మూడూ ఇరవై అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, నిజమేనా సారూ అంది. కాగితం చూపించాను.

‘నలభై నిమిషాలు ముందే వచ్చినావు. పది తీసేస్తే ఇంగా ముప్పై మిగిలినాయి. పా అన్నా, గుడ్డ తీద్దాం’ అంది.

సరిగ్గా నాలుగు గంటలకు ఇద్దరూ చెరో కొస పట్టుకుని ముసుగు తీశారు. బ్యూగుల్ మోగినంతసేపూ ఆయన సెల్యూట్‌లోనే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో నా పక్కన కూర్చుని, మైదుకూరు వచ్చేదాకా నిద్రపోయాడు. లేచాక ఆకలేస్తోంది సాబ్ అన్నాడు. ముగ్గురం కడుపునిండా తిన్నాం.

మరునాడు కల్నల్ గారికి నివేదిక ఇచ్చాను. మద్దిలేటి ఆర్డరు ప్రకారం నిర్ణీత సమయానికి నలభై నిమిషాలు ముందు రిపోర్టు చేశాడనీ, ఎస్కార్ట్ కలవవలసిన చోటికి ఇరవై ఐదు నిమిషాలు, గమ్యానికి ఆయన వెనక ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా చేరిందనీ రాశాను. కారణం దగ్గర ‘స్టెప్నీ తనిఖీ చేయలేదు, బాధ్యత నాది’ అని రాశాను. ఆయన చదివి, ఫారమ్‌లోంచి ఆ ఆఖరి వాక్యం తీసేద్దామా అని అడిగారు.

వద్దన్నాను. ఆ వాక్యంలో తప్పు లేదు. పావుగంట అని రాసి ఇచ్చినవాడు పావుగంటలో రావాలి, అంతే. తర్వాత రెండేళ్లు ఆ ఉద్యోగంలో ఉన్నాను. ఎస్కార్ట్ డ్యూటీ ఉన్న ప్రతిసారీ ముందురోజు సాయంత్రం స్టెప్నీ కిందికి దింపించి, నా చేత్తోనే గాలి కొలిచేవాణ్ని.